ఆవకాయ డబ్బాలో షినాన్ ఎర్ర వైన్

కువైట్ వెళ్లొచ్చానని తెలియగానే మా వీధిలో అందరూ బంగారం ఎంత తెచ్చావని అడిగారు. నేను తెచ్చింది రెండు పెట్టెల ఖర్జూరాలు, ఎన్నిసార్లు ఉతికినా పోని మరకతో ఒక జాకెట్టు. అక్కడ ఐదు రోజులు ఉన్నాను. అందులో మూడు రోజులు భయంతో ముద్ద దిగలేదు. వెళ్లనివాళ్లకి ఆ ఊరు ఎలా ఉంటుందో చెబుదామని కూర్చున్నాను గానీ, భయాన్ని పక్కన పెట్టి రాయడం నా వల్ల కావడం లేదు. మంచి సముద్రాన్నీ, మంచి మనుషుల్నీ గుండె దడదడలాడుతుండగానే చూశాను మరి.

షినాన్, నది ఒడ్డు

ముందు ఆ దడ ఎక్కడ మొదలైందో చెప్పాలి. నూజివీడు దగ్గర మామిడి గుజ్జు తీసే ఫ్యాక్టరీలో నాది వాసన చూసే ఉద్యోగం. గుజ్జు పులిసిందా, డబ్బా వాసన పట్టిందా అని యంత్రం కంటే ముందు నా ముక్కు చెప్పాలి. ఇరవై రెండేళ్లుగా దీంతోనే బతుకుతున్నాను కాబట్టి ముక్కు మీద నాకు కొంచెం గర్వం కూడా ఉంది. పళ్లు ఎండబెట్టి నిలవచేసే పద్ధతులు నేర్చుకోమని మా వాళ్లు నన్ను మూడు నెలలు ఫ్రాన్స్ పంపారు. లువార్ నది లోయలో షినాన్ అనే చిన్న ఊళ్లో, కొలెట్ అనే డెబ్బై ఏళ్ల ఆవిడ ఇంట్లో ఉన్నాను.

ఆ లోయలో పళ్ల కంటే ముందు వైన్ ఉంటుంది. ఎర్ర వైన్ అంటే చిక్కగా, ఘాటుగా, దగ్గు మందులా ఉంటుందనుకునేదాన్ని. షినాన్ వైన్ అలా కాదు. అంతా ఒక్క రకం నల్ల ద్రాక్షతోనే చేస్తారు, కానీ తోట ఎక్కడుందో గ్లాసులో తెలిసిపోతుంది. ఏటి పక్కన ఇసుకా గులకరాళ్లూ ఉన్న నేలలో పండితే పల్చగా, చలాకీగా ఉంటుంది. దాన్ని కాస్త చల్లబరిచి ఏడాది రెండేళ్లలోనే తాగేస్తారు. పైన సున్నపురాయి వాలులో పండింది మొండిది. కొత్తలో నోరంతా వగరు పట్టించి, కొండలో తొలిచిన చల్లటి గదుల్లో పదేళ్లు పడుకుంటే గానీ మెత్తబడదు.

వాసన మాత్రం రెండింటికీ ఒకే ఇంటి పోలిక. ముందు ఎర్ర బెర్రీ పళ్ల తీపి, వెంటనే పచ్చి క్యాప్సికం తుంచినప్పుడు వచ్చే ఆకుపసరు, అన్నిటి కిందా అప్పుడే చెక్కిన పెన్సిలు. నాలుక మీద నేరేడు వగరు. నేను పుక్కిలించి ఉమ్మేసేదాన్ని, మా పనిలో పద్ధతే అది. ఉమ్మేసినా ఆ వాసన మర్చిపోవడం కుదరదు. కళ్లకి గంతలు కట్టినా వంద సీసాల్లో షినాన్‌ని పట్టుకుంటానని కొలెట్‌తో పందెం కట్టి గెలిచాను కూడా.

వెళ్లేటప్పుడు ఆవిడకి రెండు కిలోల స్టీలు డబ్బా నిండా ఆవకాయ తీసుకెళ్లాను. మూత చుట్టూ టేపు వేసి, దాని మీద మార్కరుతో ఆవకాయ అని రాశాను. ఆవిడ రెండు నెలల్లో డబ్బా ఖాళీ చేసేసింది. మా వైపు ఎవరి గిన్నె అయినా ఖాళీగా తిరిగివ్వరని మాటవరసకి అన్నాను, నా నోరు ఊరుకోదు కదా. బయలుదేరే రోజు పొద్దున ఆవిడ డబ్బా నా చేతిలో పెట్టి, మా ఊరి పియర్ పళ్లు అంది. అక్కడ ఆ పళ్లని పొయ్యిలో రోజుల తరబడి ఎండబెట్టి, చెక్క సుత్తితో అప్పచ్చుల్లా చదునుచేస్తారు. అవే అనుకున్నాను. ఇచ్చినవాళ్ల ముందే మూత తీసి చూడటం మర్యాద కాదని అలాగే సూట్‌కేసులో పెట్టేశాను.

విమానాశ్రయం, బెల్ట్ దగ్గర

తిరుగు ప్రయాణం కువైట్ మీదుగా పెట్టుకున్నాను. మా చెల్లెలు రత్న అక్కడ పద్నాలుగేళ్లుగా ఒక క్లినిక్‌లో నర్సు. నా విజిట్ వీసాకి తనే దరఖాస్తు పెట్టి, నేను బుద్ధిగా ఉండి బుద్ధిగా వెళ్లిపోతానని పూచీ సంతకం చేసింది.

బెల్ట్ మీద సూట్‌కేసు వచ్చింది. వంగి పట్టుకున్నాను. ఎర్ర బెర్రీ, పచ్చి క్యాప్సికం, పెన్సిలు.

ఆ పియర్ పళ్లని ఎండబెట్టాక పండగలకి ఎర్ర వైన్‌లో నానబెట్టి పెట్టుకుంటారని కొలెట్ ఒకసారి చెప్పిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. ఆవిడ నాకు మామూలువి ఇవ్వలేదు, పండగవి ఇచ్చింది. జిప్పు దగ్గర గుడ్డ అరచేతి మేర తడిగా ఉంది.

ఆ దేశంలో సారాయి చుక్క ఉండకూడదు. తాగినా, తెచ్చినా, దగ్గర పెట్టుకున్నా నేరమే. విమానంలోనూ, గోడల మీదా అదే రాసి ఉంది. నా ముందు ఇరవై అడుగుల దూరంలో సామాను లోపలికి చూసే యంత్రం, దాని పక్కన తెల్ల చొక్కాల అధికారులు, నా వెనక మూడొందల మంది. పెట్టెని అక్కడే వదిలేసి పోదామా అంటే దాని మీద నా పేరుంది.

యంత్రంలోంచి బయటికొచ్చిన పెట్టెని ఒక కుర్రాడు వేలితో ఆపాడు. తెర మీద గుండ్రటి డబ్బా ఆకారం చూపించి, "అచ్చార్?" అన్నాడు, ఊరగాయా అని.

తల ఊపాను. "హిందీ అచ్చార్, జేన్, జేన్," అని నవ్వి పంపించేశాడు. బాగుంది బాగుంది అని అర్థమట. అబద్ధం ఆడినందుకు సిగ్గు కూడా వేయలేదు అప్పుడు. ఊపిరి ఆడింది, అంతే.

కారు డిక్కీ

రత్నకి డ్యూటీ ఉండటంతో బయట ఓబులేసు నిలబడి ఉన్నాడు. రాయచోటి దగ్గర పల్లె. నలభై దాటి ఉంటాయి. సల్వాలో ఒక కువైటీ పెద్దావిడ ఇంట్లో డ్రైవరు. ఇళ్లలో పనిచేసేవాళ్లు యజమానురాలిని మామా అంటారు. ఆ మామాకి షుగర్ వల్ల కాలికి పుండు పడితే ఏడాదిగా రత్నే కట్టు కడుతోంది. ఆ అభిమానంతో, మీ అక్కని నా కార్లో తెచ్చుకోమని ఆవిడే పంపింది.

"రాండి అక్కా, రత్నక్క అంతా చెప్పింది. పెట్టె ఇట్లియ్యండి," అని అందుకోబోయాడు.

అప్పుడు నేను చేసింది దాచకుండా రాస్తాను. పెట్టె నా పేరు మీద ఉంది, దార్లో పోలీసులు ఆపితే తెరిపించేది దాన్నే. డబ్బా పెట్టెలో లేకపోతే చాలనిపించింది. పచ్చడి కారుతోందని చెప్పి డబ్బా బయటికి తీసి, ప్లాస్టిక్ సంచిలో చుట్టి డిక్కీ మూలన పెట్టాను.

"పడిపోతాది అక్కా. మామా బండి, మరకైతే తిడతాది," అని అతను దాన్ని నిలబెట్టి, కదలకుండా రెండు వైపులా టిష్యూ పెట్టెలు ఆనించాడు. బిడ్డని పడుకోబెట్టినంత జాగ్రత్తగా చేశాడు ఆ పని.

వెడల్పాటి రోడ్లు, వాటి పక్కన దుమ్ము రంగు ఇళ్లు, సాయంత్రమైనా తగ్గని వేడి. దార్లో పోలీసులు ఆపుతారా అని మామూలుగా అడుగుతున్నట్టు అడిగాను.

"ఆపుతారక్కా. ఇఖామా అడుగుతారు. ఇఖామా అంటే ఈడ ఉండేదానికి కార్డు. నాది సరిగానే ఉండాది, నాకేం భయం?" అన్నాడు. తర్వాత తనే చెప్పాడు. "మా పక్కింటి డ్రైవరు ఒకడుండె. ఎవుడో స్నేహితుడు సంచి పెడతే సరేలే అని డిక్కీలో పెట్టుకున్యాడు. దాంట్లో సీసా. నాది కాదు సార్ అంటే ఇనేదెవురు? బట్టలు గూడా సర్దుకోనియ్యల్యా, ఏలిముద్రలు తీస్కోని పంపించేసినారు. మళ్ల ఈ దేశం రాకూడదు వాడు."

నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. కారు ఆపమనడానికి అరగంట వ్యవధి ఉంది నాకు.

మంగఫ్

మంగఫ్ అంటే పని చేసుకునేవాళ్ల ఊరు. ఒకే రకం మేడలు, బాల్కనీల నిండా ఆరేసిన నీలం యూనిఫాంలు, కంపెనీ బస్సుల కోసం నిలబడే వరసలు. కిరాణా కొట్టులో గోంగూర కట్ట చూసి ముచ్చటపడ్డాను గానీ, ధర విని వెనక్కి పెట్టేశాను. అక్కడి ఒక్క దినారు మన మూడొందలకి దగ్గర. రొట్టె మాత్రం చవక. మట్టి గోళెంలా ఉండే పొయ్యిలోంచి తీసి, చేతులు కాలుతుండగానే కాగితంలో చుట్టి ఇస్తారు.

ఇవన్నీ మర్నాడు చూసినవి. మేం చేరిన సాయంత్రం రత్న ఉండే మేడ ముందు పోలీసు బండి ఉంది. ఇద్దరు పోలీసులు వచ్చేపోయేవాళ్ల కార్డులు చూస్తున్నారు. ఓబులేసు డిక్కీ తీసి, పెట్టె దించి, "డబ్బా అక్కా?" అన్నాడు.

"ఉండనీ, ఉండనీ," అన్నాను.

"మామాకేనా? రత్నక్క ఊరగాయ తెప్పిస్తానని మామాకు మాటిచ్చిందిలే."

నా కళ్లు పోలీసుల మీదే ఉన్నాయి. తల ఊపాను. ఆ రోజు అది రెండోసారి. అతను డిక్కీ మూసి, పోలీసులకి సలాం చెప్పి వెళ్లిపోయాడు. అతని కారు వెనక ఎర్ర దీపాలు మలుపు తిరిగేదాకా చూసి, ఆ తర్వాతే మెట్లెక్కాను.

మర్నాడు సాయంత్రం రత్న నా బట్టలు ఉతకబోయి జాకెట్టు పట్టుకుని వంటింట్లోంచి వచ్చింది. ఆవకాయ వాసన కాదని నర్సుకి తెలియకుండా ఉంటుందా?

"ఏంటే అక్కా ఇది? స్పిరిట్ వాసనొత్తంది."

చెప్పేశాను. రత్న జాకెట్టు బకెట్లో పడేసి ముందు తలుపు గడియ పెట్టొచ్చింది. నాలుగో అంతస్తులో, గడియ పెట్టిన ఇంట్లో కూడా గుసగుసగానే మాట్లాడింది.

"నీ కాగితం మీద సంతకం నేను పెట్టేనే. నిన్ను పట్టుకుంటే నన్నూ అడుగుతారు. అదలా ఉంచు, ఓబులేసుకి చెప్పేవా?"

"లేదు."

"డబ్బా ఇప్పుడెక్కడుంది?"

అతని దగ్గరే అన్నాను. రత్న ఓబులేసుకి ఫోన్ చేసి, ఊరికే అడుగుతున్నట్టు అడిగింది. స్పీకర్లో అతని గొంతు హుషారుగా వినిపించింది. "మామాకిచ్చినా కదక్కా! శానా సంతోషపడింది. ఫ్రిజ్జులో పెట్టించినాది. శుక్రవారం కొడుకులు, కోడండ్లు వస్తారు గదా, భోజనాలకాడ తెరుస్తా అనింది."

రత్న ఫోన్ పెట్టేసి మంచం అంచున కూర్చుంది. "అక్కా, ఆ ఇంట్లో పదకొండేళ్లనించి చేత్తున్నాడే అతను. చెల్లెలికి పెళ్లి చేసేడు, తమ్ముణ్ణి చదివిత్తన్నాడు. డబ్బా ఇంట్లోకి తెచ్చింది అతను. ఆళ్లు పట్టుకునేది ముందు అతన్నే."

శుక్రవారానికి మధ్యలో ఒక్క గురువారమే ఉంది. ఫోన్లో ఓబులేసుకి నిజం చెప్పొద్దంది, ఎవరు వింటారో తెలియదని. మామాని పలకరించే వంకతో నేనే వెళ్లాలి, పచ్చడి పులిసిపోయిందని చెప్పి తిరిగి తెచ్చుకోవాలి. రత్నకి సెలవు దొరకలేదు. ఆ రాత్రి ఇద్దరం ప్రార్థన చేసుకున్నాం. నిద్ర మాత్రం పట్టలేదు.

సల్వా

సల్వా ఇళ్లు పెద్ద గోడల వెనక ఉంటాయి. వీధిలో మనుషులు కనపడరు. కార్లు కడిగే డ్రైవర్లు, చెత్త సంచులు పట్టుకొచ్చే పనమ్మాయిలు తప్ప. ఓబులేసు గది గేటు పక్కనే, ఒక మంచం పట్టేంత. లోపల హాలు మాత్రం మా ఊళ్లో కల్యాణ మండపమంత ఉంది.

మామా మధ్యలో కూర్చుని ఉంది, కాలు చిన్న పీట మీద. డెబ్బై అయిదు దాటి ఉంటాయి. నా రెండు చేతులూ పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. కాఫీ వచ్చింది, ఏలకుల వాసనతో, పసుపు రంగులో, మూడు గుక్కలు పట్టే బుల్లి గిన్నెలో. మన దగ్గర చుట్టానికి గ్లాసు నిండా పోయకపోతే పిసినారి అంటారు. అక్కడ నిండా పోస్తే ఇక లేచి పొమ్మన్నట్టట. మళ్లీ మళ్లీ పోస్తారు, చాలంటే గిన్నె కొంచెం ఊపాలి. నా చెయ్యి ఎలాగూ ఊగుతోంది కాబట్టి మొదటి గిన్నెకే ఆపేశారు. ఇంకా కావాలని అడగలేక ఖర్జూరం నములుతూ కూర్చున్నాను.

మామా రత్న గురించి చెబుతోంది, ఓబులేసు గుమ్మం దగ్గర నిలబడి తెలుగులో అందిస్తున్నాడు. "రత్న చెయ్యి తగిలితే నొప్పి తెలీదంటాండాది. మీరూ అట్లనే చల్లనోళ్లు అంటాండాది."

సిగ్గుతో తల వంచుకున్నాను. ఆ తర్వాత నేర్చుకొచ్చిన అబద్ధం అప్పజెప్పాను. విమానంలో పచ్చడి పాడైంది, తింటే కడుపు చెడుతుంది, ఊరెళ్లి మంచిది పంపిస్తాను. ఓబులేసు నమ్మి, నాకంటే నమ్మకంగా అరబ్బీలో చెప్పాడు. అతని మొహంలో నా పచ్చడి పాడైనందుకు నిజంగానే బాధ కనిపించింది.

మామా తీసుకురమ్మంది. వంటావిడ డబ్బా తెచ్చి ఆవిడ ఒళ్లో పెట్టింది. టేపు ఊడలేదు. ఇక ఇచ్చేస్తుందనుకున్నాను. ఆవిడ ఆ డబ్బాని రెండు చేతులతో పైకెత్తి, మూత అంచు ముక్కు దగ్గర పెట్టుకుంది.

ఇరవై రెండేళ్లుగా నేను చేస్తున్న పని అది. మనిషి వాసన చూసేటప్పుడు మొహంలో ఏం కదులుతుందో నాకు తెలుసు. ముందు ఏమీ కాదు. తర్వాత కనుబొమ్మల మధ్య చిన్న ముడి, అది తెలియని వాసన. ఆ ముడి విడిపోయి కళ్లు నిలిచిపోతే, తెలిసిన వాసన. మామా కళ్లు నిలిచిపోయాయి. చిన్నప్పుడు ఏ దేశం వెళ్లిందో, ఏ ఇంట్లో ఏం చూసిందో నాకు తెలియదు. ఆవిడకి తెలిసిందని మాత్రం తెలిసింది.

ఆవిడ నా వైపు చూడలేదు. గుమ్మం వైపు చూసి నెమ్మదిగా ఏదో అడిగింది. ఓబులేసు ఒక్క క్షణం తడబడ్డాడు.

"అనా, మామా," అన్నాడు.

ఆవిడ ఇంకో మాట చెప్పి, "ఖలాస్," అని డబ్బా నాకిచ్చేసింది. నా చేతులు పట్టుకోలేదు ఈసారి. ఓబులేసు ఏమీ తెలుగు చేయలేదు.

రోడ్డు పక్కన

గేటు దాటాక డబ్బా తీసుకుని డిక్కీ వైపు నడిచాను. "ఈతూరి మీ కాళ్ల దగ్గరే పెట్టుకోండి అక్కా," అన్నాడు. పెట్టుకున్నాను.

రెండు వీధులు దాటి ఒక మసీదు గోడ పక్కన కారు ఆపాడు. ఇంజను ఆపలేదు. అద్దంలోంచి కూడా నన్ను చూడలేదు.

"అది ఆవకాయ కాదు గదా."

"కాదు. వైన్‌లో నానబెట్టిన పళ్లు."

"మామా ఏమడిగిందో తెల్సా? ఇది నా ఇంట్లోకి తెచ్చిందెవరు అనింది. నేనే మామా అన్న్యా. నిజమే గదా, నేనే తెచ్చినా. ఇంగోతూరి నా ఇంట్లోకి ఏం తెచ్చినా ముందు నాకు సూపించల్ల అనింది. పదకొండేండ్లు అక్కా. తాళాలు నా దగ్గరే ఉంటాయి. మామా మనవరాండ్లను ఇస్కూలుకు నేనే తోలక పోతా. నన్నొక దినం గూడా అట్ల సూడల్యా ఆమె."

"వెనక్కి తిప్పు ఓబులేసూ. నేను చెప్తాను, నాదే తప్పని."

"చెప్తే రత్నక్క పేరొస్తాది. ఆయమ్మ ఏం చేసింది? వద్దు." స్టీరింగు మీద చెయ్యి రుద్దాడు. "మీకు యప్పుడు తెల్సు అక్కా?"

ఇంటికి పోయాక తెరిచి చూశాననీ, అప్పుడే తెలిసిందనీ చెప్పబోయాను. కానీ డబ్బా నాతో మేడెక్కలేదని, టేపు ఊడలేదని అతనికీ తెలుసు.

"ఎయిర్‌పోర్టులోనే. నీ కారెక్కక ముందే."

అతను అరవలేదు. అరిస్తే బాగుండేది. "అడిగితే నేను వద్దంటాననే గదా, అడగల్యా మీరు," అన్నాడు.

అంతే. అంతకంటే సరిగ్గా నేను కూడా చెప్పలేను.

షర్క్ చేపల బజారు

మామాకి ఎలాగూ చేపలు తేవాలని షర్క్ తీసుకెళ్లాడు. మంచు మీద చేపలన్నీ ఒకే వైపు తల పెట్టుకుని వరసగా ఉన్నాయి. మన చందువని అక్కడ జుబైది అంటారు, దానికి మన పులసకున్నంత గౌరవం. కిలో పది దినార్లని ఒకడు అరిస్తే, ఒక ముసలాయన చేప మొప్ప ఎత్తి చూసి పెదవి విరిచాడు. ఇంకో రోజైతే అక్కడ సగం పూట గడిపేదాన్ని. ఆ రోజు చంకలో సంచీ, అందులో డబ్బా. చేపలు కొనడానికొచ్చిన ఒక పోలీసాయన నా పక్కనే నిలబడి రొయ్యలు ఏరుకుంటుంటే, చేపలు చూస్తున్నట్టు అటు తిరిగాను.

వెనకవైపు చేపలు శుభ్రం చేసే చోటు ఉంది. రబ్బరు బూట్ల మనుషులు కత్తులతో పొట్టలు చీల్చి పైపుతో కడుగుతుంటే, కాలవలోకి నెత్తురు నీళ్లు పారుతున్నాయి. ఓబులేసు మూడు జుబైదీలు ఇచ్చి, కడిగేవాడితో హిందీలో బేరమాడుతూ నాకు అడ్డంగా నిలబడ్డాడు. నేను కూర్చుని టేపు పీకి మూత తీశాను.

అన్ని చేపల కంపు మధ్యా అది లేచింది. కారిపోయింది పోగా ఇంకా అరలీటరు పైనే ఉంది. రంగు చూడగానే తెలిసింది, ఏటి ఒడ్డు తేలిక వైన్ కాదు, సున్నపురాయి వాలుది. కొలెట్ కొండ గదిలో దాచుకున్న పాతది. బెర్రీ పళ్ల తీపి తగ్గి, పెన్సిలు వాసన ముందుకొచ్చి, చివర్లో తడి మట్టి. వగరంతా మెత్తబడి ఉంటుంది. ఆవిడ తన ఇంట్లో ఉన్న మంచిదే నాకిచ్చింది. ఆ సంగతి తెలిసి కూడా కాలవలోకి వంచేశాను. నెత్తుట్లో కలిసి వెళ్లిపోయింది, ఎవరూ చూడలేదు. పళ్లని చేప పేగుల బుట్టలో వేశాను.

డబ్బా కడగబోతుంటే, "అది గూడా పారేయండి," అన్నాడు ఓబులేసు, వెనక్కి తిరగకుండా.

శుక్రవారం ఆరాధన

అక్కడ శుక్రవారం సెలవు కాబట్టి మన తెలుగు క్రైస్తవ సంఘాలన్నీ ఆ రోజే కూడుతాయి. అద్దె హాల్లో రెండొందల మంది, ఎక్కువమంది గోదావరి జిల్లాల ఆడవాళ్లు. ఇళ్లల్లో పనిచేసేవాళ్లు రెండు గంటల అనుమతి మీద వచ్చి, పాట సగంలో ఉండగానే ఫోన్ మోగితే చెప్పులు వేసుకుని పరిగెత్తుతారు. మా ఊళ్లో ఆరాధన ఆలస్యమైందని సణిగే మా సంఘస్థుల్ని ఒకసారి తీసుకెళ్లి చూపించాలనిపించింది.

ఆ రోజు ప్రభువు బల్ల, రొట్టె విరిచి ద్రాక్షరసం పంచుకునే రోజు. పళ్లెంలో వేలెడు గ్లాసులు వచ్చాయి. సూపర్ మార్కెట్ ద్రాక్ష రసం. కాచిన చక్కెర వాసన, అడుగున ఏమీ లేదు, ఎక్కడి నేల అని అడిగితే చెప్పలేని రసం. అయినా ఒక పనమ్మాయి కళ్లు మూసుకుని ఆ గ్లాసు పట్టుకున్న తీరు చూస్తే, నేను షినాన్‌లో తాగి ఉమ్మినవన్నీ తీసికట్టే. ఎవరికైనా అన్యాయం చేసి ఉంటే ముందు వాళ్లతో సమాధానపడి రమ్మని కాపరి చెప్పాడు. పళ్లెం నా దగ్గరికొస్తే పక్కకి అందించాను. రత్న చూసింది. ఆ సమయానికి సల్వాలో మామా కొడుకులు, కోడళ్లు భోజనాలకి కూర్చుని ఉంటారు. గుమ్మం దగ్గర ఓబులేసు ఎలా నిలబడి ఉంటాడోనని అనుకుంటూనే ఉన్నాను.

తిరుగు ప్రయాణం

శనివారం పొద్దున టాక్సీలో పోతానన్నాను. కారు పంపుతానని మామా ముందే మాటిచ్చిందట, తప్పదంది రత్న. ఓబులేసు అన్న సమయానికే వచ్చాడు. నలగని చొక్కా, ఎప్పటిలాగే నమస్కారం. రత్న నాతో పాటు కిందికొచ్చింది. పెట్టె దొర్లించుకుంటూ కారు దగ్గరికి తెచ్చాను. అతను డిక్కీ తెరిచాడు గానీ పెట్టెని ముట్టుకోలేదు.

"ఏమనుకోవద్దండి అక్కా. ఒకతూరి తెరవండి."

రత్న మొహం ఎర్రబడింది. "ఓబులేసూ, ఏంటిది?" అంది.

"నువ్వుండు," అన్నాను దానితో. పేవ్‌మెంటు మీదే పెట్టెని పడుకోబెట్టి జిప్పు తీశాను. బస్సు కోసం నిలబడ్డవాళ్లు తిరిగి చూస్తున్నారు. అతను గొంతుక్కూర్చుని, చీరలు ఒక్కొక్కటే ఎత్తి, మడత చెదరకుండా పక్కన పెట్టాడు. ఖర్జూరాల పెట్టెల మూతలు తీసి చూశాడు. కొబ్బరినూనె సీసా వాసన చూశాడు. లోదుస్తుల సంచి దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆపేసి, మొహం పక్కకి తిప్పుకున్నాడు.

"ఇది మీరే ఇప్పి సూపించండి అక్కా," అన్నాడు.

విప్పి చూపించాను. ఒక్కసారి చూసి తల ఊపాడు. బట్టలన్నీ ఎలా ఉన్నవి అలా సర్ది, జిప్పు చివరిదాకా లాగి, పెట్టె ఎత్తి డిక్కీలో పెట్టాడు. "యల్లా అక్కా, టైమైతాండాది," అన్నాడు.